మాచు పిచ్చుకు కాలిబాట

తరగతిలోని గ్లోబు ఒకసారి ముందు పెట్టుకోండి. మన చిత్తూరు మీద వేలు పెట్టండి. అది భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 13 డిగ్రీల దూరంలో ఉంది. ఇప్పుడు గ్లోబును తిప్పి, దాదాపు అవతలి వైపుకు వెళ్లి, భూమధ్యరేఖకు దక్షిణాన అదే 13 డిగ్రీల దగ్గర వేలు ఆపండి. అది దక్షిణ అమెరికా ఖండంలోని పెరూ దేశం. అక్కడ ఆండీస్ పర్వతాల నడుమ మాచు పిచ్చు అనే పాడుపడిన రాతి నగరం ఉంది.

రెండు ఊళ్లూ భూమధ్యరేఖకు సమదూరంలోనే ఉన్నాయి. అయినా, మే నెలలో చిత్తూరు ఎండకు తారురోడ్డు మెత్తబడుతుంటే, మాచు పిచ్చుకు వెళ్లే కొండదారిలో రాత్రివేళ చెంబులోని నీళ్లు గడ్డకట్టవచ్చు. మే నెల వారికి చలికాలం ఆరంభం అన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఎత్తు. సుమారుగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ గాలి ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది.

మాచు పిచ్చును ఇంకా అనే జాతి ప్రజలు 15వ శతాబ్దంలో కట్టారు. కట్టించినవాడు పచకూటి అనే చక్రవర్తి అని చరిత్రకారులు చెబుతారు. 1420 ప్రాంతం నుంచే అక్కడ మనుషులు నివసించారని 2021లో ప్రచురితమైన రేడియో కార్బన్ పరీక్షలు తెలిపాయి. ఆ ప్రజలకు ఇనుప పనిముట్లు లేవు. చక్రాల బండి లేదు. గుర్రాలూ ఎద్దులూ లేవు. మనకు తెలిసిన రకం లిపి కూడా లేదు. ముడులు వేసిన దారాలతో లెక్కలు దాచుకునేవారు. అయినా పర్వతాల మీదుగా రాళ్లు పరిచి 30,000 కిలోమీటర్లకు పైగా దారులు వేశారు. ఇప్పుడు ఆ దారులు ఆరు దేశాల్లో విస్తరించి ఉన్నాయి. 2014లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈనాడు మాచు పిచ్చు కింది లోయదాకా రైలు ఉంది. అక్కడినుంచి పైకి బస్సు ఉంది. అయినా ఆ పాత రాతిబాట మీదనే నడిచి వెళ్లాలని ప్రపంచం నలుమూలల నుంచీ మనుషులు వస్తారు. ఆ నడక సుమారు 43 కిలోమీటర్లు. పట్టే కాలం నాలుగు రోజులు.

నలభై మూడు కిలోమీటర్లకు నాలుగు రోజులా? మన ఊళ్లలో కాలినడకన జాతరకు వెళ్లేవారు ఆ దూరాన్ని రెండు రోజుల్లో నడిచేస్తారు గదా! మరి అక్కడ అంత ఆలస్యం దేనికి? ఈ ప్రశ్నకు జవాబు కాళ్లలో కాక గాలిలో ఉంది. అదేమిటో తెలుసుకోవడానికి మనం కూడా ఆ నాలుగు రోజులూ ఊహలో నడిచి వద్దాం.

బయలుదేరే ముందు: కుస్కో

యాత్రికులు ముందుగా కుస్కో నగరానికి చేరతారు. ఒకప్పుడు ఇంకాల రాజధాని ఇదే. దీని ఎత్తు సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్లు. మాచు పిచ్చు ఎత్తు సుమారు 2,430 మీటర్లే. అంటే మనం చేరబోయే చోటు, బయలుదేరే నగరం కంటే దాదాపు కిలోమీటరు కిందనే ఉంది! కష్టమంతా నడుమ దాటవలసిన కనుమల్లో ఉంది.

విమానం దిగిన కొత్తవారికి కుస్కోలో పది మెట్లు ఎక్కేసరికే ఆయాసం వస్తుంది. తలనొప్పి పుడుతుంది. పెరూ ప్రజలు ఈ బాధను 'సొరొచే' అంటారు. అందుచేత రెండు మూడు రోజులు అక్కడే నెమ్మదిగా తిరిగి, తర్వాతనే నడక మొదలుపెట్టమని అనుభవజ్ఞులు చెబుతారు.

ఎత్తైన చోట ఊపిరి ఎందుకు ఆడదు అని పరీక్షలో అడిగితే చాలామంది పిల్లలు "అక్కడి గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువ కనుక" అని రాస్తారు. ఇది తప్పు. సముద్రతీరంలోనూ, ఆండీస్ మీదా, ఎవరెస్టు కొనమీదా గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే. మారేది శాతం కాదు, గాలి పీడనం.

మన నెత్తిమీద ఎన్నో కిలోమీటర్ల ఎత్తున గాలి పేరుకొని ఉంది. దూదిబస్తాలను ఒకదానిమీద ఒకటి పేర్చితే అన్నిటికంటే అడుగుబస్తా బాగా అణిగిపోతుంది. పైబస్తా గుల్లగా ఉంటుంది. గాలీ అంతే. సముద్రమట్టం వద్ద పై గాలి బరువంతా పడి కిందిగాలి దట్టంగా ఉంటుంది. పైకి పోయినకొద్దీ ఆ బరువు తగ్గి గాలి పలచబడుతుంది.

దీనిని ప్రయోగంతో చూపించాలని పూనుకున్నవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్. ఆయన కోరగా 1648లో ఆయన బావగారు పెరియే పాదరస భారమితిని పుయ్ ద డోమ్ అనే కొండమీదికి మోసుకుపోయాడు. కొండ ఎక్కేసరికి గొట్టంలో పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు దిగింది. మీరు పాఠంలో చదివిన 76 సెంటీమీటర్ల పాదరస మట్టం సముద్రతీరానికి చెందిన లెక్క. కుస్కోలో అది 50 సెంటీమీటర్లే ఉంటుంది.

మొదటి రోజు: నది ఒడ్డున

కుస్కో నుంచి వచ్చే రైలుమార్గంలో 82వ కిలోమీటరు రాయి దగ్గర నడక మొదలవుతుంది. ఎత్తు సుమారు 2,700 మీటర్లు. ఉరుబంబా నది మీది వంతెన దాటగానే కాలిబాట. యాత్రికులు, దారి చూపేవారు, సామాను మోసేవారు అందరూ కలిసి రోజుకు 500 మందికి మించి ఈ దారిలో బయలుదేరకూడదని నిబంధన ఉంది. ఏటా ఫిబ్రవరిలో దారి పూర్తిగా మూసి మరమ్మతులు చేస్తారు. అది వానలు బాగా కురిసే కాలం. మే నుంచి సెప్టెంబరు దాకా పొడికాలం.

గుడారాలూ వంటసామానూ మోసేవారు ఆ కొండల్లో పుట్టి పెరిగిన కెచువా జాతి రైతులు. మనం బరువు లేకుండానే రొప్పుతుంటే, వారు మూపున మూటలతో మనల్ని దాటి ముందుకు సాగిపోతారు. తరతరాలుగా ఎత్తైన చోట్ల బతికిన ఆ జాతివారి ఛాతీ విశాలంగా ఉంటుంది. రక్తంలో హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. అలాగని వారికి అలసట లేదనుకోకండి. వారి మూటల బరువుకు చట్టం హద్దు పెట్టింది.

మొదటిరోజు నడక సుళువే. ఎదుట పటల్లక్తా శిథిలాలు, వాటి కింద నదివంపులను అనుసరించి మలిచిన మెట్లపొలాలు కనిపిస్తాయి. సాయంత్రానికి సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న వయ్యబాంబా పల్లె దగ్గర విడిది.

మనం నిద్రపోతున్నా శరీరం పనిచేస్తూనే ఉంటుంది. పలచని గాలికి అది ఎలా సర్దుకుంటుందో చూద్దాం.

మొట్టమొదట శ్వాస వేగం పెరుగుతుంది. గుండె కూడా వేగంగా కొట్టుకుంటుంది. ఇది నిమిషాల్లో జరిగే మార్పు. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. గబగబా ఊపిరి వదిలినప్పుడు కార్బన్ డయాక్సైడు కూడా ఎక్కువగా బయటికి పోతుంది. దానితో రక్తంలో ఆమ్లగుణం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. అది గమనించిన మెదడు "ఇంత వేగంగా పీల్చవద్దు" అని శ్వాసకు కళ్లెం వేస్తుంది. ఒకవైపు ఆక్సిజన్ చాలడం లేదు, మరొకవైపు పీల్చనివ్వడం లేదు!

ఈ చిక్కు విప్పేవి మూత్రపిండాలు. అవి రక్తంలో అధికంగా ఉన్న బైకార్బనేటును మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. రక్తం మళ్లీ సమస్థితికి వస్తుంది. మెదడు కళ్లెం వదులుతుంది. ఎత్తైన చోటికి వెళ్లినవారికి మాటిమాటికీ మూత్రం రావడానికి ఇదొక కారణం. ఈ పనికి పట్టే కాలం రెండు మూడు రోజులు. కుస్కోలో రెండు మూడు రోజులు ఆగమనడంలోని రహస్యం ఇదే.

మూడో మార్పు ఇంకా నెమ్మదైనది. మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. అది ఎముకల్లోని మజ్జను ప్రేరేపించి ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని పెంచుతుంది. దీనికి వారాలు పడుతుంది. తొందరపెడితే శరీరం వినదు.

రెండవ రోజు: చనిపోయిన స్త్రీ కనుమ

ఈ దారిలో అన్నిటికంటే కష్టమైన రోజు ఇది. వయ్యబాంబా నుంచి 'వార్మీ వన్యూస్కా' అనే కనుమదాకా ఏకధాటిగా ఎక్కాలి. కెచువా భాషలో ఆ పేరుకు 'చనిపోయిన స్త్రీ' అని అర్థం. కిందినుంచి చూస్తే ఆ శిఖరాల వరుస వెల్లకిలా పడుకున్న స్త్రీలా కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. కనుమ ఎత్తు 4,215 మీటర్లు. ఒక్క పూటలో 1,200 మీటర్లు ఎక్కాలన్నమాట.

మీలో చాలామంది అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లూ ఎక్కి ఉంటారు. కాళ్లు పీకి ఉంటాయి, చెమటలు పట్టి ఉంటాయి. కాని పైకి చేరి కాసేపు కూర్చోగానే ఆయాసం తీరిపోయింది గదా! ఎందుచేత? తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపు ఎత్తే. అక్కడ గాలి పీడనం సుమారు పదోవంతు మాత్రమే తగ్గుతుంది. వార్మీ వన్యూస్కా మీద కూర్చున్నా ఆయాసం తీరదు. లెక్క చూడండి.

సముద్రతీరంలో గాలి పీడనం 76 సెంటీమీటర్ల పాదరసం. అందులో ఆక్సిజన్ వాటా 21 శాతం, అంటే సుమారు 16 సెంటీమీటర్లు. ఈ వాటానే ఆక్సిజన్ పాక్షిక పీడనం అంటాం. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను రక్తంలోకి నెట్టేది ఈ పీడనమే. కనుమ మీద మొత్తం పీడనం సుమారు 45 సెంటీమీటర్లు. అందులో ఆక్సిజన్ వాటా 9.5 సెంటీమీటర్లు మాత్రమే. బావిలో నీరు అడుగంటితే బొక్కెన నిండా రానట్లు, ఎంత గట్టిగా పీల్చినా ప్రతి శ్వాసలోనూ దొరికే ఆక్సిజన్ తీరంలో దొరికేదానిలో 60 శాతమే.

ఈ సంగతి ఎప్పుడో గమనించినవాడు హొసే దె అకోస్తా అనే స్పెయిన్ దేశపు మతాచార్యుడు. ఆండీస్‌లో ఒక ఎత్తైన కనుమ దాటుతుండగా ఆయనకు విపరీతమైన వికారం, వాంతులు పట్టుకున్నాయి. అక్కడి గాలి మనిషి శ్వాసకు తగనంత పలచన అని ఆయన 1590లో అచ్చయిన తన గ్రంథంలో ఊహించాడు. పాస్కల్ ప్రయోగానికి అప్పటికింకా అర్ధశతాబ్దం పైగా ఉంది! ఆ ఊహను ప్రయోగాలతో నిరూపించి, అసలు దోషం ఆక్సిజన్ పాక్షిక పీడనం తగ్గడమేనని 1878లో తేల్చి చెప్పినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్.

కనుమ దగ్గర మరొక వింత. నీళ్లు 100 డిగ్రీల వద్ద కాక 86 డిగ్రీల వద్దనే మరుగుతాయి. పైనుంచి అదిమే గాలి తక్కువ కనుక నీటి ఆవిరి సులభంగా తప్పించుకుంటుంది. తెర్లుతున్న నీళ్లే అయినా వేడి చాలదు; కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. ప్రెషర్ కుక్కరు అక్కడ విలాసవస్తువు కాదు, అవసరం.

కనుమ దాటాక యాత్రికులు అక్కడ ఆగరు. వెంటనే అవతలివైపు దిగి, సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉన్న పకాయ్‌మాయు లోయలో పడుకుంటారు. పగలు ఎత్తుకు ఎక్కు, రాత్రి కిందికి దిగి పడుకో అన్నది పర్వతారోహకుల సూత్రం. నిద్రలో శ్వాస మందగిస్తుంది కనుక పడుకునే చోటు ఎత్తే ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెబుతారు. మన యాత్రికుడు కుస్కోలో 3,400 మీటర్ల వద్ద, తర్వాత 3,000 వద్ద, ఆపైన 3,600 వద్ద నిద్రపోయాడు. మధ్యలో 4,215 ఎక్కినా, ముందే కుస్కోలో అలవాటు పడ్డాడు కనుక శరీరం ఓర్చుకుంది.

తలనొప్పిని దాచవద్దు

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఎత్తైన చోట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, అన్నం సయించకపోవడం కనిపిస్తే అది పర్వతవ్యాధి కావచ్చు. అప్పుడు ఇంక పైకి వెళ్లకూడదు. ఉన్నచోటనే విశ్రాంతి తీసుకోవాలి. తగ్గకపోతే కిందికి దిగాలి.

దానిని లెక్కచేయక ఎక్కుతూ పోతే రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురుగుతో కూడిన కఫం దీని గుర్తులు. రెండవది, మెదడు వాయడం. మనిషి తూలుతాడు, తిన్నగా ఒక గీతమీద నడవలేడు, మాట తడబడుతుంది. ఈ రెండూ కొద్ది గంటల్లో ప్రాణం తీయగలవు. వెంటనే కిందికి దించడమే అసలైన చికిత్స. ఆక్సిజన్, మందులు దానికి తోడు. తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు.

కండబలం ఉన్నవారికి ఈ వ్యాధి రాదని అనుకోవద్దు. ఆటల్లో బహుమతులు గెలిచిన యువకుడికి రావచ్చు. పక్కనే నడిచే యాభై ఏళ్ల మనిషికి రాకపోవచ్చు. పైగా బలవంతుడు త్వరత్వరగా ఎక్కుతాడు, బాధ చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. అందుచేత అతనికే ముప్పు ఎక్కువ కావచ్చు.

పర్వతాల్లో వాతావరణమూ మనిషి మాట వినదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మేటి. 2015లో ఇదే ఆండీస్ శ్రేణిలో, పెరూకు దక్షిణాన అర్జెంటీనా, చిలీ సరిహద్దు శిఖరం మీద ఆయన ప్రాణాలు కోల్పోయారు. అంతటివారికే తప్పని పర్వతాన్ని మనం మరింత జాగ్రత్తగా సమీపించాలి.

మూడవ రోజు: మేఘాల అడవి

మూడవ రోజు మరో రెండు కనుమలు. మొదటిది సుమారు 3,950 మీటర్లు. దారిలో రుంకురకాయ్ అనే గుండ్రని కట్టడం, కొండకొమ్ము మీద సాయక్‌మార్కా, మంచుపొగల నడుమ ఫుయుపటామార్కా కనిపిస్తాయి. ఈ చివరిపేరుకు 'మేఘాల మీది ఊరు' అని అర్థం.

పేరు సార్థకమే. తూర్పున అమెజాన్ అడవుల మీదినుంచి తేమగాలి వచ్చి ఈ కొండలను తాకి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కనుక గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. చల్లబడితే తేమ మేఘమవుతుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలకు తగిలి వానలు కురిపించే తీరు ఇదే. అందువల్ల ఇక్కడి చెట్లకొమ్మలన్నీ నాచుతోనూ, ఆర్కిడ్ పూలతోనూ నిండి ఉంటాయి.

అడుగుకింద దారిని కూడా చూడండి. ఈ భాగంలో చాలావరకు ఇంకాలు పరచిన అసలు రాళ్లే ఉన్నాయి. ఒకచోట బండల మధ్య సొరంగం చేసి అందులోనే మెట్లు చెక్కారు. ఈ దారుల్లో చక్రాలు తిరగలేదు కనుక మెట్లు ఎంత నిటారుగా ఉన్నా వారికి ఇబ్బంది లేదు. లామా అనే ఒంటెజాతి జంతువు మీద కొద్దిపాటి బరువులు వేసేవారు. వార్తలను 'చాస్కి' అనే పరుగువీరులు ఒకరినుంచి ఒకరు అందుకొని మోసుకుపోయేవారు. ఒక్కొక్కరు కొద్దిదూరమే పరుగెత్తుతారు; అలసట వచ్చేలోగా మరొకరు అందుకుంటారు. పలచని గాలిలో ఇంతకంటే తెలివైన పద్ధతి ఏముంటుంది?

దారి పొడవునా గిడ్డంగుల్లో ఆహారం నిల్వ చేసేవారు. అందులో 'చున్యో' ఒకటి. బంగాళాదుంపలను చలికాలపు రాత్రి ఆరుబయట పరుస్తారు, గడ్డకడతాయి. పగలు కాళ్లతో తొక్కి నీరు పిండుతారు, ఎండలో ఆరబెడతారు. ఇలా కొన్నిరోజులు చేస్తే దుంప గులకరాయిలా ఎండి ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. చలినీ, పొడిగాలినీ, ఎండనూ వారు పనివాళ్లుగా మార్చుకున్నారు. మనం కూర వండుకునే బంగాళాదుంప పుట్టిల్లు ఈ ఆండీస్ పర్వతాలే. మన పొలాల్లోని వేరుసెనగ కూడా ఆ ఖండం నుంచే వచ్చింది.

నాలుగవ రోజు: సూర్యద్వారం

మూడవ రాత్రి విడిది సుమారు 2,650 మీటర్ల ఎత్తున, విన్యాయ్ వైనా శిథిలాల దగ్గర. ఊపిరి మళ్లీ హాయిగా ఆడుతుంది. తెల్లవారకముందే లేచి నడిస్తే ఇంతి పుంకు, అంటే సూర్యద్వారం వస్తుంది. అక్కడినుంచి కిందికి చూస్తే మేఘాలు విడిపోయినప్పుడు మాచు పిచ్చు కనిపిస్తుంది.

1911లో అమెరికా ఆచార్యుడు హైరమ్ బింగమ్ వచ్చి ఈ నగరాన్ని లోకానికి చాటాడు. ఆయన 'కనుగొన్నాడు' అని పుస్తకాల్లో చదువుతాం గాని, ఆయన వెళ్లేసరికే రైతుకుటుంబాలు ఆ మెట్లపొలాల్లో పంటలు పండించుకుంటున్నాయి. దారి చూపినవారు స్థానికులే.

నిటారైన కొండగట్టు మీద, ఏటా సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట కట్టిన ఊరు ఇది. మన కోస్తాలో చాలా ప్రాంతాల వర్షపాతానికి ఇది సుమారు రెట్టింపు. పైగా భూకంపాల దేశం. ఐదువందల ఏళ్లకు పైగా అది జారిపోకుండా ఎలా నిలిచింది?

కెన్నెత్ రైట్ అనే అమెరికా జలవనరుల ఇంజనీరు తన బృందంతో 1994 నుంచి ఈ ప్రశ్నను పరిశోధించాడు. ఇంకాలు చేసిన నిర్మాణంలో సుమారు 60 శాతం కంటికి కనబడకుండా భూమిలోపలే ఉందని ఆయన అంచనా. మెట్లపొలాల్లో పైన మట్టి, దానికింద ఇసుక, గులకరాళ్లు, అన్నిటికంటే అడుగున పెద్దరాళ్లు పేర్చారు. వాననీరు నిలవకుండా పొరల గుండా మెల్లగా ఇంకి పోతుంది. నగరం నిండా నీరు పోవడానికి 130 దాకా తూములున్నాయి. ఇక తాగునీటికి, కొండ ఊట నుంచి 749 మీటర్ల పొడవైన రాతికాలువ తవ్వి, వరుసగా 16 జలధారలకు నీరు అందించారు. కొండను కూల్చేది నీటి బరువు. నీటికి ముందుగానే దారి ఇచ్చారు కనుక కొండ నిలిచింది.

2019లో బ్రెజిల్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రుయాల్దో మెనెగాట్ మరొక విషయం చెప్పాడు. భూమిపొరల్లోని పగుళ్లు ఒకదానినొకటి ఖండించే చోటునే ఇంకాలు కావాలని ఎంచుకున్నారని ఆయన వాదం. పగుళ్లవల్ల గ్రానైటు ముందే ముక్కలై ఉంటుంది. ఇనుము లేనివారికి రాయి చెక్కే శ్రమ తగ్గుతుంది. వాననీరు కూడా ఆ పగుళ్లలోకి పోతుంది.

గోడల సంగతి కూడా అంతే. మేలిరకం గోడల్లో సున్నం, అడుసు లేకుండా రాతికి రాయి అతికినట్లు చెక్కారు. గోడలు లోపలికి కొంచెం వాలి ఉంటాయి. తలుపులు కింద వెడల్పుగా, పైన సన్నంగా ట్రెపీజియం ఆకారంలో ఉంటాయి. భూమి కదిలితే రాళ్లు కాస్త కదిలి మళ్లీ సర్దుకుంటాయి. 1950లో కుస్కోలో భూకంపం వచ్చినప్పుడు స్పెయిన్‌వారు కట్టిన భవనాలు ఎన్నో కూలాయి. వాటి అడుగున ఉన్న ఇంకా గోడలు నిలిచాయి.

మనకు ఈ పాఠం ఎందుకు?

పెరూకు మనలో ఎందరు వెళ్తారు అని మీరు అడగవచ్చు. నిజమే. కాని మీ ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో కేదార్‌నాథ్‌కో, అమర్‌నాథ్‌కో వెళ్లి ఉంటారు, లేదా వెళ్లాలనుకుంటూ ఉంటారు. గౌరీకుండ్ ఎత్తు సుమారు 2,000 మీటర్లు; కేదార్‌నాథ్ సుమారు 3,580. ఆ తేడాను చాలామంది ఒక్కరోజులో ఎక్కేస్తారు. హెలికాప్టరులో అయితే కొన్ని నిమిషాలే! అమర్‌నాథ్ గుహ ఎత్తు 3,888 మీటర్లు. ఆ యాత్రకు వైద్యధ్రువపత్రం తప్పనిసరి చేసింది ఇందుకే.

కాబట్టి మన ఇంటినుంచి ఎవరైనా బయలుదేరుతుంటే ఈ నాలుగు మాటలూ మీరు చెప్పండి. మధ్యలో ఒకటి రెండు రాత్రులు ఆగి ఎక్కమనండి. నీళ్లు బాగా తాగమనండి. తలనొప్పి, వికారం వస్తే దాచకుండా పక్కవారికి చెప్పమనండి. తగ్గకపోతే దర్శనం కాకపోయినా కిందికి దిగమనండి. గుండెజబ్బు, ఉబ్బసం, అధిక రక్తపోటు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. ఒక సైన్సు విద్యార్థి చెప్పిన ఒక్కమాట ఇంట్లో ఒకరి ప్రాణం కాపాడవచ్చు.

మీరే చేసి చూడండి

1. సూది లేని పెద్ద సిరంజి ఒకటి తీసుకోండి. మీ మాస్టారి సమక్షంలో, చేయి కాలనంత వేడినీళ్లు అందులో మూడోవంతుకు తక్కువగా పీల్చండి. లోపలి గాలిని బయటికి నెట్టేసి, మూతిని వేలితో గట్టిగా మూయండి. ఇప్పుడు దట్టాను వెనక్కి లాగండి. నీళ్లలో బుడగలు లేచి మరిగినట్లు కనిపిస్తాయి. పొయ్యి లేదు, మంట లేదు. తగ్గింది పీడనం మాత్రమే.

2. అడుగున చిల్లులున్న రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదాన్ని నల్లరేగడి మట్టితో నింపండి. రెండవదానిలో అడుగున రాళ్లు, పైన గులకరాళ్లు, ఇసుక, చివర మట్టి వేయండి. రెండింటిలోనూ సమానంగా నీళ్లు పోసి, ఏది ముందుగా వదులుతుందో గడియారం చూసి రాసుకోండి.

3. కదలకుండా కూర్చుని ఒక నిమిషం మీ నాడి లెక్కపెట్టండి. తర్వాత బడి మెట్లు మూడుసార్లు ఎక్కి దిగి మళ్లీ లెక్కపెట్టండి. మొదటి అంకె తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది?

చివరగా ఒక లెక్క. చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఊళ్లో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉన్నప్పుడు, సరిగ్గా దాని నెత్తిమీద 4,200 మీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత సుమారు ఎంత ఉంటుంది? మొదటి పేరాల్లోనే సూత్రం ఉంది. లెక్కవేసి మీ మాస్టారికి చూపించండి.